జిహ్వకో రుచి, సీసాకో ధర
చవకైన మిశ్రమ వైనును తూచవలసిన తూకం ఏది?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నది తెలుగువారి సామెత. రుచి మనిషి మనిషికీ మారుతుందని చెప్పడంతో ఈ సామెత ఆగిపోదు. ఎవరి నాలుకకు వారే న్యాయమూర్తి అన్న స్వాతంత్ర్యాన్ని కూడా ప్రసాదిస్తుంది. ఆవకాయ విషయంలోగానీ, గోంగూర విషయంలోగానీ తెలుగువారు ఈ స్వాతంత్ర్యాన్ని ఏనాడూ వదులుకోలేదు. గుంటూరు కారానికీ, పక్క జిల్లా కారానికీ గల భేదాన్ని గురించి గంటసేపు వాదించగల పెద్దమనుషులే, విదేశంలో ఒక విందులో ఎర్ర వైను సీసా ఎదురుకాగానే మౌనం వహిస్తారు. సీసా మీది ధర చీటీనో, అంటించిన బంగారు పతకాన్నో చూసి తల పంకిస్తారు. నలభై డాలర్ల సీసా తెచ్చిన అతిథికి ఒక గౌరవం, పన్నెండు డాలర్ల మిశ్రమ వైను తెచ్చిన అతిథికి మరొక గౌరవం లభిస్తాయి. అసలు ఏమీ తాగని అతిథి మూలన కూర్చుంటాడు. ఈ మూడు పరిస్థితులూ విజ్ఞానశాస్త్రం ముందు నిలిచేవి కావు.

వైను తాగమని ప్రోత్సహించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇంటికి వచ్చిన వస్తువును దేనితో కొలవాలి అన్నదే ఇక్కడి ప్రశ్న. ధరతోనా, పేరుతోనా, నాలుకతోనా? చివరిదే సమాధానమైతే నాలుకను పరీక్షించే పద్ధతి ఏమిటి?

ప్రయోగశాల నుంచి వచ్చిన ద్రాక్షతోటలు

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాకు ఉత్తర భాగాన, గంగాలిన్ ప్రాంతంలో హారిసన్ అనే నివాసప్రాంతం ఉంది. కాన్‌బెర్రా నగర నిర్మాణంలో ప్రముఖ పాత్ర వహించిన పట్టణ ప్రణాళికావేత్త పీటర్ హారిసన్ పేరు దానికి పెట్టారు. 2019లో నగర కేంద్రానికి రైలు మార్గం ఏర్పడిన తరువాత ఆ ప్రాంతం మరింత చేరువైంది. భారతీయ కుటుంబాలు విరివిగా స్థిరపడిన గంగాలిన్ పరిసరాలలో తెలుగు మాట వినిపించడం వింత కాదు. అక్కడి నుంచి బార్టన్ రహదారి మీద సుమారు అరగంట ప్రయాణిస్తే మరంబేట్‌మన్ గ్రామం, దాని చుట్టూ ద్రాక్షతోటలు కనిపిస్తాయి.

ఈ వైను ప్రాంతానికి పునాది వేసినది వర్తకులు కాదు, శాస్త్రవేత్తలు. 1971లో సి.ఎస్.ఐ.ఆర్.ఓ. సంస్థకు చెందిన ఇద్దరు పరిశోధకులు వేర్వేరు చోట్ల తీగలు నాటారు. జీవరసాయన శాస్త్రవేత్త డాక్టర్ జాన్ కిర్క్ మరంబేట్‌మన్‌లో క్లొనాకిల్లా తోటను, కీటక శాస్త్రవేత్త డాక్టర్ ఎడ్గార్ రీక్ లేక్ జార్జ్ ఒడ్డున మరొక తోటను ప్రారంభించారు. కిర్క్ కుమారుడు టిమ్ 1991లో ఫ్రాన్స్‌లోని రోన్ లోయను సందర్శించి, అక్కడ ఎర్ర షిరాజ్‌లో కొద్దిగా తెల్ల వియోన్యే ద్రాక్షను కలిపే పద్ధతిని గమనించాడు. 1992 పంటతో క్లొనాకిల్లా ఆ మార్గాన్ని అనుసరించింది. నేడు కాన్‌బెర్రా ప్రాంతపు కీర్తికి మూలమైన వైను ఒక మిశ్రమమే అన్నది గమనార్హం.

మిశ్రమమంటే కల్తీ కాదు

తెలుగునాట పాలలో నీళ్ళు, నేతిలో డాల్డా చూసిన తరానికి 'కలిపినది' అనగానే అనుమానం కలగడం సహజం. వైను విషయంలో ఈ అనుమానం నిరాధారం. ఫ్రాన్స్‌లోని బోర్డో వైనులు అనేక రకాల ద్రాక్షల కలయిక. షాతోనఫ్ ద్యు పాప్ అనే ప్రసిద్ధ వైనుకు పదమూడు రకాలను అనుమతిస్తారు. ఆస్ట్రేలియాకు ప్రపంచఖ్యాతి తెచ్చిన గ్రాంజ్ వైనును మాక్స్ షూబర్ట్ 1951లో ప్రయోగాత్మకంగా తయారుచేశాడు. అది కూడా పలు ప్రాంతాల ద్రాక్షలను కలిపి చేసేదే. తొలినాళ్ళలో దాన్ని ఎవరూ మెచ్చలేదు. 1957లో యాజమాన్యం ఆపివేయమని ఆదేశించినా షూబర్ట్ రహస్యంగా కొనసాగించాడు. నాటి నిపుణుల తీర్పు ఎంత తప్పో కాలమే తేల్చింది.

ఉగాది పచ్చడి తెలిసినవారికి మిశ్రమం సూత్రాన్ని వేరుగా వివరించనవసరం లేదు. ఒక దినుసు లోటును మరొకటి పూరించాలి, ఏ ఒక్కటీ మిగిలినవాటిని మింగివేయరాదు. గ్రెనాష్ పండ్ల సువాసనను, మెత్తదనాన్ని ఇస్తుంది. షిరాజ్ రంగును, నిండుదనాన్ని చేకూరుస్తుంది. మటారో వగరును, ఒక విధమైన మొరటు బలాన్ని తెస్తుంది. కాబర్నే, షిరాజ్‌ల జోడింపు ఆస్ట్రేలియాకు చిరపరిచితం. ఆస్ట్రేలియా నిబంధనల ప్రకారం సీసా మీద ఒకే ద్రాక్ష పేరు రాయాలంటే అందులో కనీసం 85 శాతం ఆ రకమే ఉండాలి. రెండు మూడు పేర్లు రాస్తే ఎక్కువ పాలు గలది ముందు రావాలి. కనుక సీసా మీది పేర్ల వరుస చదివితే చాలు, లోపల దేని పెత్తనమో తెలిసిపోతుంది.

చవకదనానికి కారణాలు

కొన్ని వైనులు చవకగా దొరకడానికి కారణాలు నాణ్యతా లోపం ఒక్కటే కాదు. ముర్రే నది పరీవాహకంలో కాలువ నీటితో పండే విస్తారమైన తోటల్లో ఎకరానికి దిగుబడి ఎక్కువ. కోత యంత్రాలు చేస్తాయి. ఓక్ చెక్క వాసన కోసం కొత్త పీపాలు వాడరు. 225 లీటర్ల ఫ్రెంచి పీపా ఖరీదు వెయ్యి డాలర్లు దాటుతుంది. అందులో పట్టేది 300 సీసాల వైను. అనగా పీపాను ఒక్కసారే వాడితే సీసాకు మూడు నాలుగు డాలర్లు చెక్కకే పోతాయి. చవక వైనులో చెక్క ముక్కలనో, పలకలనో నానబెట్టి ఆ ఖర్చు తగ్గిస్తారు. 1965లో దక్షిణ ఆస్ట్రేలియాలోని రెన్మార్క్‌లో థామస్ ఆంగోవ్ కనిపెట్టిన అట్టపెట్టె వైను ఈ చవకదనాన్ని మరొక మెట్టు దింపింది.

మరొక కారణం పన్ను. 2000 జూలై నుంచి ఆస్ట్రేలియాలో వైను మీద టోకు విలువలో 29 శాతం ప్రత్యేక పన్ను ఉంది. బీరు, విస్కీల మీద పన్ను ఆల్కహాలు పరిమాణాన్ని బట్టి పడగా, వైను మీద ధరను బట్టి పడుతుంది. అందువల్ల ఎంత చవక వైను అయితే అందులోని ఆల్కహాలుకు అంత తక్కువ పన్ను. ఈ అసమానతను ప్రజారోగ్య నిపుణులు విమర్శిస్తూనే ఉన్నారు. అంటే తక్కువ ధర కొంత తయారీదారు నైపుణ్యం, కొంత ప్రభుత్వ విధానం. రుచిని గురించి అది చెప్పేది స్వల్పం.

షడ్రుచుల కొలబద్ద

వైను పుస్తకాలు బ్లాక్‌కరెంట్, సెడార్, మల్బరీ వంటి పేర్లతో నిండి ఉంటాయి. ఆ పండ్లు, చెట్లు తెలియకపోవడం తమ లోపమని తెలుగువారు భావించనవసరం లేదు. వైనులో ప్రధానమైన వగరుకు ఇంగ్లీషులో సామాన్యులు వాడే చక్కని మాట లేదు. తెలుగులో నాలుగేళ్ళ పిల్లవాడికి కూడా అది తెలుసు. పచ్చి అరటికాయ, లేత ఉసిరి, వక్క, నేరేడు పండు, మరీ మరిగిన టీ డికాషను, వీటన్నిటిలో ఉన్నది వగరే. ద్రాక్ష తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లతో కలిసి గడ్డకడతాయి. నోటిలోని జారుడుతనం పోయి నాలుక పిడచగట్టుకున్నట్లు అవుతుంది. ఆధునిక శాస్త్రం దీన్ని రుచిగా కాక స్పర్శగా వర్గీకరిస్తుంది. కారాన్ని కూడా నొప్పి, వేడి తెలిపే నాడులే అందుకుంటాయి. షడ్రుచులలో ఈ రెండింటికీ చోటిచ్చిన పూర్వులు నోటి అనుభవాన్ని మొత్తంగా లెక్కించారు. వైనును పరిశీలించడానికి ఆ లెక్కే సరిపోతుంది.

వాసనకు కూడా వంటింటి పోపుల డబ్బా చాలు. ఓక్ చెక్క నుంచి వచ్చే యూజినాల్ అనే పదార్థమే లవంగంలోని ముఖ్య సువాసన. అమెరికన్ ఓక్ ఎండుకొబ్బరి వాసన ఇస్తుంది. చల్లని ప్రాంతపు షిరాజ్‌లో వచ్చే మిరియపు ఘాటుకు రొటండోన్ అనే పదార్థం కారణమని అడిలైడ్‌లోని ఆస్ట్రేలియన్ వైన్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించారు. నిజమైన మిరియాలలోనూ అదే పదార్థం ఉంది. ఆ పరిశోధనలో సుమారు అయిదవ వంతు మందికి రొటండోన్ వాసన, మోతాదు పెంచినా, తెలియనే లేదు. ఒకే గ్లాసు ముందు భార్యాభర్తలు ఒకరు మిరియం ఉందని, మరొకరు లేదని వాదించుకుంటే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. జిహ్వకో రుచి అన్న సామెతకు ఇంతకంటె రసాయనిక నిరూపణ అక్కరలేదు.

ఆస్ట్రేలియా ప్రదర్శనలలో చాలాకాలం వాడిన 20 మార్కుల పద్ధతిలో రంగుకు 3, వాసనకు 7, రుచికి 10 ఇచ్చేవారు. ఇంటి పరీక్షకు అదే చాలు. మొదట లోపాలు వెదకాలి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే వైను చెడినట్లు, వెనిగర్ వాసన ముక్కుకు కొడితే పులిసినట్లు. తరువాత తీపి, పులుపు, చేదు, వగరులలో ఏది హద్దు మీరిందో చూడాలి. చవక ఎర్ర వైనులో కొన్ని చోట్ల పచ్చిదనాన్ని కప్పడానికి కొద్దిపాటి చక్కెర మిగులుస్తారు. తొలి గుక్కకు హాయిగా ఉండి రెండవ గుక్కకు వెగటు పుట్టిస్తే కారణం అదే కావచ్చు. చివరగా, మింగిన తరువాతనో ఉమ్మిన తరువాతనో రుచి ఎంతసేపు నిలిచిందో గమనించాలి. పన్నెండు డాలర్ల మిశ్రమం లోపాలు లేకుండా, సమతూకంతో, చల్లని నేరేడు పండు తిన్నంత తృప్తి ఇస్తే అది ఉత్తీర్ణమైనట్లే. అది గ్రాంజ్ కాలేదని నిందించడం, పెరుగన్నం బిర్యానీ కాలేదని నిందించడం వంటిది.

ధర నాలుకను ఎలా మోసగిస్తుంది

2001లో బోర్డో పరిశోధకులు తెల్ల వైనుకు వాసనలేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైను విద్యార్థులకు ఇచ్చారు. దాన్ని వారు ఎర్ర వైనుకు వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను ముక్కును శాసించింది. 2008లో కాలిఫోర్నియాలో జరిగిన మరొక ప్రయోగంలో, అయిదు డాలర్ల వైనునే ఒకసారి అయిదు డాలర్లదని, మరొకసారి నలభై అయిదు డాలర్లదని చెప్పి ఇస్తూ మెదడును చిత్రించారు. ఎక్కువ ధర విన్నప్పుడు ఎక్కువ నచ్చిందని అనడమే కాక, ఆనందానుభవానికి సంబంధించిన మెదడు భాగం నిజంగానే ఎక్కువ చురుకుగా పనిచేసింది. 2008లోనే వెలువడిన మరొక అధ్యయనం పేర్లు దాచి చేసిన ఆరువేలకు పైగా రుచి పరీక్షలను విశ్లేషించింది. ధర తెలియనప్పుడు సామాన్యులు ఖరీదైన వైనును ఎక్కువగా మెచ్చలేదు, పైగా స్వల్పంగా తక్కువ మెచ్చారు.

బంగారు పతకాల సంగతి కూడా చూడాలి. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో 2005 నుంచి 2008 వరకు రాబర్ట్ హాడ్జ్‌సన్ న్యాయనిర్ణేతలకే పరీక్ష పెట్టాడు. ఒకే సీసాలోని వైనును వారికి తెలియకుండా మూడుసార్లు ఇచ్చాడు. మూడుసార్లూ ఒకే పతక స్థాయిలో మార్కులు వేయగలిగినవారు సుమారు పదిశాతం మాత్రమే.

దీన్నిబట్టి నైపుణ్యమంతా బూటకమని తేల్చడం తొందరపాటు. పైన చెప్పిన ఆరువేల పరీక్షలలో శిక్షణ పొందినవారి తీర్పు సామాన్యుల తీర్పులా ధరకు వ్యతిరేకంగా పోలేదు. అభ్యాసం నాలుకకు పదును పెడుతుంది. పైగా మరంబేట్‌మన్ రైతు చేతితో కోసిన పంటకు ఎక్కువ ఖరీదు చెల్లించేవారు రుచితో పాటు ఆ నేలను, ఆ శ్రమను కూడా కొంటున్నారు. తెలిసి చేస్తే అందులో తప్పు లేదు. తెలియక, ఇరుగుపొరుగు మెప్పుకోసం చెల్లించడమే తప్పు.

ఆరుగురు, మూడు గ్లాసులు

1920 దశకంలో ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పరిశోధన కేంద్రంలో డాక్టర్ మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనన్నది. సహోద్యోగి రొనాల్డ్ ఫిషర్ ఎనిమిది కప్పుల పరీక్ష ప్రతిపాదించాడు. నాలుగు ఒక విధం, నాలుగు మరొక విధం. ఊహతో అన్నీ సరిగా చెప్పే అవకాశం 70లో ఒకటి. ఆధునిక ప్రయోగ రూపకల్పనకు ఈ టీ కప్పులు ఉదాహరణగా నిలిచాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1948లో కేంబ్రిడ్జి నుంచి డాక్టరేటు పొందినది ఈ ఫిషర్ పర్యవేక్షణలోనే. 2023లో నూట రెండవ ఏట కన్నుమూసిన ఆ మహనీయుని శాస్త్రం తెలుగు ఇళ్ళలో పండుగ సాయంకాలం ఉపయోగపడకూడదా?

పద్ధతి సులభం. పన్నెండు డాలర్ల మిశ్రమాన్ని, నలభై డాలర్ల సీసాను కాగితపు సంచుల్లో దాచాలి. ప్రతివారికీ మూడు గ్లాసులు, రెండింటిలో ఒకటే వైను, మూడవదానిలో వేరొకటి. ఏది వేరో చెప్పాలి. వరుసలు ఆరు రకాలు సాధ్యం కనుక ఆరుగురు ఉంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస. ఊహతో ఒక్కరు సరిగా చెప్పే అవకాశం మూడవ వంతు. ఆరుగురిలో కనీసం అయిదుగురు సరిగా చెప్పడం కేవలం అదృష్టంతో జరిగే అవకాశం రెండు శాతం లోపే. నలుగురే చెబితే అది పదిశాతం కనుక నమ్మడానికి చాలదు. భేదమే తెలియనప్పుడు ఏది మేలన్న ప్రశ్న పుట్టదు. అప్పుడు మిగిలిన ఇరవై ఎనిమిది డాలర్లు ఎటు వెళ్ళాలో కుటుంబమే నిర్ణయించుకోవచ్చు. గ్లాసుకు 15 మిల్లీలీటర్లు చాలు. 14 శాతం వైను మూడు గ్లాసులు కలిసి 5 గ్రాముల ఆల్కహాలు, అంటే ఆస్ట్రేలియా లెక్కలో అరపాలు మాత్రమే. ఉమ్మివేస్తే ఇంకా తక్కువ.

వైను ముట్టని కుటుంబాలు ఈ పరీక్షను రెండు రకాల కాఫీ పొడితోనో, రెండు రకాల నేతితోనో చేయవచ్చు. పిల్లలు పాల్గొనవలసినది అటువంటి పరీక్షలోనే. ధర వేరు, గుణం వేరు అన్న పాఠం అక్కడా అంతే బలంగా నాటుకుంటుంది.

ఆంధ్ర భోజనంతో

మిరపలోని కాప్సయిసిన్, వైనులోని ఆల్కహాలు నోటిలో వేడిని గుర్తించే ఒకే గ్రాహకాన్ని తట్టిలేపుతాయి. అందుచేత కోడి వేపుడుతో పదునాలుగున్నర శాతం వైను మంట మీద మంట. వగరు ఎక్కువైతే అది మరింత గరుకుగా తోస్తుంది. కారం భోజనానికి ఆల్కహాలు తక్కువగా, వగరు మెత్తగా ఉన్న మిశ్రమమే నయం. గ్రెనాష్ పాలు ఎక్కువైతే వగరు తగ్గుతుంది కానీ ఆల్కహాలు పెరగవచ్చు. సీసా మీది శాతం చదవాలి. చింతపండు పులుపు తిన్న నోటికి వైను పులుపు తగ్గి చప్పగా అనిపిస్తుంది. ఖరీదైన సున్నితమైన వైనును పులిహోర పక్కన పెట్టడం దానికీ పులిహోరకూ న్యాయం కాదు.

శాకాహారులు మరొక సంగతి తెలుసుకోవాలి. వైనును తేర్చడానికి కోడిగుడ్డు తెల్లసొన, పాల ప్రోటీను, జెలటిన్, చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడే ఆచారం ఉంది. గుడ్డు, పాలు వాడితే ఆస్ట్రేలియాలో సీసా మీద చెప్పాలి. చేప తిత్తికి మినహాయింపు ఉంది. శాకాహార యోగ్యమని స్పష్టంగా రాసిన సీసాలనే ఎంచుకోవడం మంచిది.

కాదనే హక్కు

మద్యాన్ని గురించి సంఘ సంచికలో ఎందుకని అడిగేవారి అభ్యంతరం తేలికగా తోసివేయదగినది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన మహిళల సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించినా, ఆ తల్లుల అనుభవం అబద్ధం కాలేదు. కూలి డబ్బుతో కొన్న సారాకూ, పంచరంగుల చీటీ గల సీసాకూ రసాయనిక మూలం ఒక్కటే.

1991లో అమెరికన్ టెలివిజన్ కార్యక్రమం ఒకటి ఎర్ర వైను ఫ్రెంచివారి గుండెలను కాపాడుతోందన్న వాదాన్ని ప్రచారంలోకి తెచ్చింది. మందు పేరుతో తాగడానికి ఎందరికో సాకు దొరికింది. నేటి శాస్త్రం ఆ సాకును అంగీకరించడం లేదు. మద్యపానీయాలు క్యాన్సరు కారకాలని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే వర్గీకరించింది. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి 2020 మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యవంతులు వారానికి పది పాళ్ళు, ఏ ఒక్క రోజూ నాలుగు పాళ్ళు మించరాదు. పద్దెనిమిదేళ్ళ లోపువారు ముట్టనే రాదు. 14 శాతం సీసా ఒక్కటి ఎనిమిది పాళ్ళ పైచిలుకు. ఈ అంకె కూడా సీసా మీదనే ఉంటుంది, కానీ పతకం చదివినంత శ్రద్ధగా దాన్ని ఎవరూ చదవరు.

ధరను నమ్మవద్దని చెప్పే శాస్త్రాన్ని స్వీకరించి, హాని గురించి చెప్పే శాస్త్రాన్ని పక్కన పెట్టడం నిజాయితీ కాదు. రెండూ ఒకే పద్ధతితో తేలిన నిజాలు. కనుక హారిసన్‌లోనైనా, మరెక్కడైనా తెలుగు ఇంటి విందులో పాటించదగిన మర్యాద ఇది: సీసా తెచ్చినవారిని ధర అడగరాదు. తాగనివారిని కారణం అడగరాదు. తాగేవారు చీటీని కాక గ్లాసును పరీక్షించి, తమకు తెలిసిన తెలుగు మాటల్లో తమ తీర్పు చెప్పాలి. పన్నెండు డాలర్ల మిశ్రమం వగరుగా, సమతూకంగా, నేరేడు పండులా బాగుందని నిస్సంకోచంగా అనగలిగినవారూ, అక్కరలేదని నిస్సంకోచంగా అనగలిగినవారూ ఒకే బల్ల వద్ద సమాన గౌరవంతో కూర్చోగలగాలి. పరాయి దేశంలో పెరుగుతున్న పిల్లలు ఆ బల్ల వద్ద చూసి నేర్చుకోవలసినది అదే.